హజ్రత్ జాఫర్ (రజి): యుద్ధభూమిలో సైనికుడు, మదీనాలో ఆయన ఇల్లు

దైవమార్గంలో పోరాడిన సహాబాల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం వారి ఖడ్గం గురించి, గుర్రం గురించి, శరీరం మీది గాయాల గురించి చెప్పుకుంటాం. వారు యుద్ధానికి వెళ్ళిన తరువాత ఇంట్లో పొయ్యి వెలిగిందా, పిల్లల్ని ఎవరు చూసుకున్నారు, భార్య ఆ కబురు ఎలా విన్నది అనే మాటలు మన ప్రసంగాల్లో చాలా అరుదుగా వస్తాయి. కాని హదీసు గ్రంథాలు ఈ విషయాలను కూడా ఎంతో శ్రద్ధగా భద్రపరిచాయి. ఎందుకంటే ధర్మంలో యుద్ధభూమి ఎంత ముఖ్యమో, సైనికుడు వెనుక వదిలి వెళ్ళిన ఇల్లు కూడా అంతే ముఖ్యం.

ఈ నెల మేము పాఠకుల ముందు ఉంచుతున్నది హజ్రత్ జాఫర్ బిన్ అబూతాలిబ్ (రజి) జీవితం. ఆయన మూతా యుద్ధంలో షహీద్ అయిన విషయం చాలామందికి తెలుసు. ఆ తరువాత ఆయన ఇంట్లో జరిగినది కూడా మనం తెలుసుకోవాలి. దానిలో మన ఇళ్ళకు అవసరమైన పాఠాలు ఉన్నాయి.

బాల్యం, విశ్వాసం

హజ్రత్ జాఫర్ (రజి) దైవప్రవక్త (సఅసం)కు పెదతండ్రి అబూతాలిబ్ కుమారుడు. హజ్రత్ అలీ (రజి)కి అన్న. తల్లి ఫాతిమా బిన్తె అసద్ (రజి). అబూతాలిబ్ ఖురైషుల్లో గౌరవనీయుడే కాని, సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. ఒకసారి మక్కాలో తీవ్రమైన కరువు వచ్చింది. అప్పుడు ఆయన భారం తగ్గించడానికి దైవప్రవక్త (సఅసం), పినతండ్రి అబ్బాస్ (రజి) కలిసి ఒక ఆలోచన చేశారు. దైవప్రవక్త (సఅసం) అలీని తమ ఇంటికి తీసుకువెళ్ళారు. అబ్బాస్ జాఫర్‌ను తమ ఇంట్లో పెంచారు. బంధువు కష్టంలో ఉంటే అతని పిల్లల్ని తమ పిల్లలుగా చేసుకోవడం ఈ కుటుంబంలో అలా మొదలైంది. తరువాతి కాలంలో అదే మేలు జాఫర్ పిల్లలకు కూడా అందింది. ఆ వివరం ముందు చూద్దాం.

ఇస్లాం సందేశం వినిపించిన తొలి రోజుల్లోనే జాఫర్ (రజి) విశ్వసించారు. ఆయన భార్య హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) కూడా ఆ తొలి విశ్వాసుల్లో ఒకరు. ఖురైషుల హింస భరించలేని స్థాయికి చేరినప్పుడు, క్రీ.శ. 615 ప్రాంతంలో ముస్లింలు అబిసీనియాకు హిజ్రత్ చేశారు. ఆ తరువాతి బృందంలో ఈ దంపతులు కూడా సముద్రం దాటి వెళ్ళారు. అక్కడి రాజు నజాషీ దర్బారులో ఖురైషుల దూతలు ముస్లింలను తమకు అప్పగించమని అడిగినప్పుడు, అందరి తరఫున నిలబడి మాట్లాడినది జాఫర్ (రజి)యే. తమ పూర్వపు అజ్ఞానాన్ని, దైవప్రవక్త (సఅసం) నేర్పిన సత్యం, నమాజు, బంధుత్వాల పాలన, పొరుగువారి పట్ల మంచితనం వంటి విషయాలను రాజుకు వివరించి, సూరె మర్యమ్ నుంచి కొంత భాగం పఠించారు. రాజు కళ్ళు చెమర్చాయి. ఆయన ముస్లింలకు అభయమిచ్చారు.

ఆ పరాయి నేల మీద వీరు పదేళ్ళకు పైగా గడిపారు. వారి ముగ్గురు కుమారులు అబ్దుల్లాహ్, ముహమ్మద్, ఔన్ అక్కడే జన్మించారు. బంధువులు లేని చోట, భాష వేరైన చోట అస్మా (రజి) సంసారం దిద్దుకున్నారు. విశ్వాసం కోసం ఇల్లు వదలడం అంటే ఏమిటో ఈ ఇల్లాలికి మూతా యుద్ధానికి ఎంతో ముందే తెలుసు.

మదీనాలో ఏడాదికి పైగా

హిజ్రీ 7వ సంవత్సరంలో (క్రీ.శ. 628) ఖైబర్ జయించిన సమయంలోనే జాఫర్ (రజి) కుటుంబంతో తిరిగి వచ్చారు. దైవప్రవక్త (సఅసం) ఆయనను కౌగలించుకుని నుదుటిపై ముద్దు పెట్టుకున్నారు. తమకు ఖైబర్ విజయం ఎక్కువ సంతోషమా, జాఫర్ రాక ఎక్కువ సంతోషమా చెప్పలేనని అన్నట్లు ఉల్లేఖనాల్లో ఉంది.

మదీనాలో ఆయనకు పేదల తండ్రి అనే పేరు వచ్చింది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఆకలితో ఉన్న రోజుల్లో తమను ఇంటికి పిలిచి భోజనం పెట్టినవారిలో జాఫర్ (రజి)ని అందరికన్నా మిన్నగా చెప్పుకునేవారు. ఇంట్లో ఏమీ లేనప్పుడు నెయ్యి ఉంచే తోలుతిత్తిని తెచ్చి, చీల్చి, దానికి అంటుకున్నది కూడా అతిథులకే ఇచ్చేవారట. అలాంటి ఇంట్లో సంపద ఏం మిగులుతుంది? జాఫర్ (రజి) యుద్ధానికి బయలుదేరినప్పుడు వెనుక ఆస్తులు లేవు. అల్లాహ్ మీద భరోసా, తోటి విశ్వాసుల మీద నమ్మకం మాత్రమే ఉన్నాయి.

అదే సంవత్సరం జుల్‌ఖాదా మాసంలో దైవప్రవక్త (సఅసం) ఉమ్రా కోసం మక్కా వెళ్ళి తిరిగి బయలుదేరుతుండగా, ఉహుద్‌లో షహీద్ అయిన హజ్రత్ హమ్జా (రజి) గారి చిన్నారి కూతురు వెంటపడి వచ్చింది. అలీ (రజి) ఆ పాప చేయి పట్టుకుని ఫాతిమా (రజి)కి అప్పగించారు. ఆ పాపను ఎవరు పెంచాలన్న విషయంలో ముగ్గురి మధ్య వాదన వచ్చింది. తానే వెంట తెచ్చానని, తన బాబాయి కూతురని అలీ (రజి) అన్నారు. హమ్జా తనకు ధర్మ సోదరుడు కనుక తనకే హక్కు ఉందని జైద్ బిన్ హారిసా (రజి) అన్నారు. తనకూ బాబాయి కూతురేనని, పైగా ఆమె ఖాలా తన భార్య అని జాఫర్ (రజి) అన్నారు. ఖాలా తల్లితో సమానమని చెప్పి దైవప్రవక్త (సఅసం) పాపను జాఫర్ ఇంటికే అప్పగించారు. ముగ్గురి మనసూ నొచ్చుకోకుండా ఒక్కొక్కరినీ ప్రశంసించారు. జాఫర్‌తో రూపంలోనూ గుణంలోనూ తమను పోలి ఉన్నావని అన్నారు.

పాఠకులారా! ఒక షహీద్ కూతురి కోసం ఆ ముగ్గురు పోటీపడ్డారు. భారం తప్పించుకోవాలని కాదు, భారం తమకే కావాలని. సుమారు ఆరు నెలల తరువాత ఆ ముగ్గురిలో ఇద్దరు, జైద్ (రజి), జాఫర్ (రజి), తామే షహీద్‌లై తమ పిల్లల్ని వెనుక వదిలారు.

మూతా ప్రయాణం

హిజ్రీ 8వ సంవత్సరం, జమాదిల్ అవ్వల్ మాసం (క్రీ.శ. 629). దైవప్రవక్త (సఅసం) లేఖ తీసుకుని వెళ్ళిన హారిస్ బిన్ ఉమైర్ (రజి)ని రోమన్ల సామంతుడైన షురహ్‌బీల్ అనే గస్సానీ నాయకుడు చంపించాడు. దూతను చంపడం ఆనాటి లోకమంతా ఘోరమైన నేరంగా భావించే పని. దానికి సమాధానంగా 3,000 మంది సైన్యం మదీనా నుంచి ఉత్తర దిశగా బయలుదేరింది. దైవప్రవక్త (సఅసం) జైద్ (రజి)ని సేనానిగా నియమించారు. ఆయన పడిపోతే జాఫర్ (రజి), ఆయన కూడా పడిపోతే అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) పతాకం పట్టాలని ఆదేశించారు.

ఈ ఆదేశం విన్న ముగ్గురి ఇళ్ళలో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. వీడ్కోలు సమయంలో ఇబ్నె రవాహా (రజి) ఏడ్చారు. ఎందుకని అడిగితే, ప్రపంచం మీద మమకారంతో కాదని, నరకం మీదుగా అందరూ దాటవలసి ఉందన్న ఖుర్ఆన్ వాక్యం గుర్తుకు వచ్చిందని చెప్పారు. విశ్వాసి సైనికుడికి శత్రువు భయం కన్నా తన ప్రభువు ముందు నిలబడవలసిన భయం పెద్దది. ఆ భయమే అతన్ని యుద్ధంలో కూడా హద్దు దాటనివ్వదు. ద్రోహం చేయవద్దని, శవాల అవయవాలు కోయవద్దని, పిల్లల్ని చంపవద్దని దైవప్రవక్త (సఅసం) తాము పంపే సేనానులకు ఆదేశించేవారు.

సైన్యం నేటి జోర్డాన్ దేశంలో ఉన్న మఆన్ చేరేసరికి ఎదుట రోమన్లు, వారి మిత్ర తెగలు కలిసి లక్ష దాకా ఉన్నారన్న వార్త అందింది. రెండు రాత్రులు ఆగి సంప్రదించుకున్నారు. మదీనాకు కబురు పంపుదామని కొందరన్నారు. తాము సంఖ్యాబలంతో కాదు, విశ్వాస బలంతో పోరాడేవారమని ఇబ్నె రవాహా (రజి) ధైర్యం చెప్పారు. సైన్యం ముందుకే సాగింది.

కరక్ పట్టణానికి దగ్గరలోని మూతా వద్ద యుద్ధం జరిగింది. ముందు జైద్ (రజి) షహీద్ అయ్యారు. జాఫర్ (రజి) పతాకం అందుకున్నారు. గుర్రం దిగి కాలినడకన పోరాడారు. కుడి చేయి తెగింది, పతాకం ఎడమ చేతికి మారింది. ఎడమ చేయి కూడా తెగింది, అప్పుడు మిగిలిన భుజాలతో దానిని గుండెకు హత్తుకున్నారు. ప్రాణం పోయేవరకు పతాకం నేలకు జారనివ్వలేదు. ఆ యుద్ధంలో ఉన్న హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తరువాత ఆయన దేహాన్ని వెదికి చూస్తే తొంభైకి పైగా గాయాలు కనిపించాయి. వీపు వైపు ఒక్క గాయం కూడా లేదని మరో ఉల్లేఖనంలో ఉంది. తరువాత ఇబ్నె రవాహా (రజి) కూడా షహీద్ అయ్యారు. చివరికి హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) పతాకం అందుకుని సైన్యాన్ని కాపాడి వెనక్కి తెచ్చారు. ఆ రోజు ఆయన చేతిలో తొమ్మిది ఖడ్గాలు విరిగాయి.

పిండి కలిపి ఉంచిన ఇల్లు

కబురు తెచ్చే మనిషి మదీనా చేరకముందే అల్లాహ్ తన ప్రవక్తకు ఈ విషయం తెలియజేశాడు. దైవప్రవక్త (సఅసం) ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురి షహాదత్‌ను ప్రజలకు చెబుతుంటే ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఆ సమయంలో అస్మా (రజి) ఇంట్లో ఏం జరుగుతోంది? ఆమె తోళ్ళు శుద్ధి చేసే పని ముగించి, రొట్టెలకు పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి ముస్తాబు చేశారు. అంతలో దైవప్రవక్త (సఅసం) వచ్చి జాఫర్ పిల్లల్ని తీసుకురమ్మన్నారు. పిల్లలు రాగానే వారిని దగ్గరకు తీసుకుని వాసన చూశారు. కళ్ళు నిండాయి. అస్మా (రజి)కి అనుమానం కలిగింది. జాఫర్ గురించి ఏమైనా తెలిసిందా అని అడిగారు. ఈ రోజే షహీద్ అయ్యారని ఆయన చెప్పారు. ఆమె రోదన విని ఇరుగుపొరుగు స్త్రీలు చేరారు.

దైవప్రవక్త (సఅసం) అక్కడి నుంచి తమ ఇంటికి వెళ్ళి, జాఫర్ ఇంటివారికి భోజనం తయారు చేయమని, వారిని తీరిక లేకుండా చేసే ఆపద వారి మీదికి వచ్చిందని ఆదేశించారు. కలిపి ఉంచిన ఆ పిండితో రొట్టెలు చేసే స్థితిలో ఆ ఇల్లాలు లేరు. ఆ సంగతి గ్రహించిన మొదటి వ్యక్తి దైవప్రవక్త (సఅసం)యే. ఆ రోజు నుంచి చావు జరిగిన ఇంటికి బంధువులు, పొరుగువారు భోజనం పంపడం సున్నత్ అయింది.

ఇక్కడ మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలిచాము. మన ఊళ్ళలో చాలాచోట్ల ఈ సున్నత్ తలకిందులైంది. మనిషి పోయిన ఇంటివారే మూడో రోజు జియారత్ పేరుతో, పదో రోజు, నలభయ్యో రోజు పేరుతో దేగ్‌లు ఎక్కించి వందల మందికి వండి పెడుతున్నారు. చేతిలో డబ్బు లేకపోతే అప్పు చేస్తున్నారు. ఇద్దత్‌లో ఉన్న విధవరాలి దుఃఖం ఒకవైపు, బిర్యానీ ఖర్చు మరోవైపు. చనిపోయినవారి ఇంటి వద్ద గుమిగూడి అక్కడే వంటలు చేయించుకోవడాన్ని సహాబాలు రోదనలో ఒక భాగంగానే పరిగణించేవారని హజ్రత్ జరీర్ (రజి) తెలిపారు. అందువల్ల అక్కడికి వెళ్ళేవారు తినడానికి కాదు, తినిపించడానికి వెళ్ళాలి.

మూడు రోజుల తరువాత

దైవప్రవక్త (సఅసం) జాఫర్ ఇంటివారిని మూడు రోజులు ఏడవనిచ్చారు. తరువాత వచ్చి, నేటి తరువాత నా సోదరుని కోసం ఏడవవద్దని చెప్పారు. పిల్లల్ని పిలిపించారు. వారు రెక్కలు రాని పక్షి పిల్లల్లా ఉన్నారని అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు. మంగలిని పిలిపించి వారి తలలు గొరిగించారు. ముహమ్మద్ తాత అబూతాలిబ్ పోలిక అని, అబ్దుల్లాహ్ తమ పోలిక అని అన్నారు. అబ్దుల్లాహ్ చేయి ఎత్తి పట్టుకుని, జాఫర్ కుటుంబానికి అతని తరఫున అండగా ఉండమని, అబ్దుల్లాహ్ చేసే వ్యాపారంలో బర్కత్ ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తల్లి పిల్లల అనాథ స్థితిని తలచుకుని బాధపడితే, ఇహపరాలలో వారి సంరక్షకుణ్ణి నేనై ఉండగా వారికి పేదరికం వస్తుందని భయపడుతున్నావా అని ధైర్యం చెప్పారు.

అబ్బాస్ (రజి) ఇంట్లో పెరిగిన జాఫర్ పిల్లలకు ఈ విధంగా దైవప్రవక్త (సఅసం) అండ దొరికింది. తెగిన రెండు చేతులకు బదులు జాఫర్‌కు స్వర్గంలో అల్లాహ్ రెండు రెక్కలు ప్రసాదించాడన్న శుభవార్త కూడా ఆ ఇంటికి ఓదార్పు అయింది. అందుకే ఇబ్నె ఉమర్ (రజి) ఆ అబ్బాయికి సలాం చెప్పేటప్పుడు రెండు రెక్కలవాని కుమారుడా అని పిలిచేవారు. తండ్రి లేని పిల్లవాడు వీధిలో నడుస్తుంటే పెద్దలు తండ్రి గౌరవాన్ని గుర్తు చేసి పలకరించడం ఎంత గొప్ప విషయం! అబ్దుల్లాహ్ (రజి) పెద్దవాడై అరబ్బుల్లో పేరుపొందిన దాత అయ్యారు. హజ్రత్ అలీ (రజి) తమ కుమార్తె జైనబ్‌ను ఆయనకే ఇచ్చి వివాహం చేశారు.

అస్మా (రజి)ని కూడా సమాజం ఒంటరిగా వదిలివేయలేదు. ఇద్దత్ పూర్తయ్యాక కొంతకాలానికి హజ్రత్ అబూబకర్ (రజి) ఆమెను వివాహమాడారు. హిజ్రీ 13లో (క్రీ.శ. 634) ఆయన మరణించిన తరువాత హజ్రత్ అలీ (రజి) వివాహమాడారు. షహీద్ భార్య మరో వివాహం చేసుకుంటే షహీద్ గౌరవం తగ్గుతుందని ఆ సమాజంలో ఎవరూ అనుకోలేదు. మన సమాజంలో మాత్రం యువతి అయిన విధవరాలికి మళ్ళీ సంబంధం చూడటానికి పుట్టింటివారు, అత్తింటివారు ఇద్దరూ సిగ్గుపడుతున్నారు. సహాబాలకు లేని ఈ సిగ్గు మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

సైనికుడు, అతని ఇల్లు

జాఫర్ (రజి) ఇంటి విషయంలో దైవప్రవక్త (సఅసం) చేసినది ఒక్క బంధువు మీద ప్రేమతో మాత్రమే కాదు. యోధుని సిద్ధం చేసి పంపినవాడూ, అతని వెనుక అతని ఇంటివారిని చక్కగా చూసుకున్నవాడూ యుద్ధంలో పాల్గొన్నట్లేనని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. యుద్ధానికి వెళ్ళినవారి భార్యలు, ఇంటి వద్ద ఉన్న పురుషులకు తల్లులంత పవిత్రులని, వారి విషయంలో ద్రోహం చేసినవాని పుణ్యాల నుంచి ప్రళయ దినాన ఆ యోధుడు తనకు కావలసినంత తీసుకుంటాడని మరో హదీసులో హెచ్చరిక ఉంది.

యుద్ధం కూడా కుటుంబ హక్కులను రద్దు చేయదు. బద్ర్ సమయంలో హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య రుఖయ్యా (రజి) జబ్బు పడి ఉన్నారు. ఆమె వద్దనే ఉండమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించి, బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానంగా వాటా ఇచ్చారు. యుద్ధానికి పేరు నమోదయిన ఒక వ్యక్తి, తన భార్య హజ్‌కు బయలుదేరిందని చెబితే, వెళ్ళి భార్యతో హజ్ చేయమన్నారు. యుద్ధయాత్ర నుంచి తిరిగి వస్తున్నప్పుడు హఠాత్తుగా ఇళ్ళల్లోకి వెళ్ళకుండా, చెదిరిన జుట్టుతో ఉన్న భార్యలు తల దువ్వుకునేందుకు కొంత సమయం ఇవ్వమని సహాబాలకు చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో, భర్త దూరమైన ఒక స్త్రీ బాధ విని, కూతురు హఫ్సా (రజి)ని అడిగి తెలుసుకుని, సైనికులను భార్యలకు దూరంగా ఉంచే కాలానికి హద్దు పెట్టారు. ఆ హద్దు నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని మరికొన్నింటిలో ఉంది.

మన కర్తవ్యం

ఈ రోజు మన వీధుల్లో సరిహద్దుల్లో కాపలా కాసే సిపాయి ఇల్లు ఉంటుంది, ఉపాధి కోసం గల్ఫ్ వెళ్ళిన కూలీ ఇల్లు ఉంటుంది, నెలల తరబడి రోడ్ల మీదే ఉండే లారీ డ్రైవర్ ఇల్లు ఉంటుంది. వీరి పనులను మూతా షహీద్‌ల స్థాయితో పోల్చటం మా ఉద్దేశం కాదు. కాని పురుషుడు దూరంగా ఉన్న ఇంటి అవసరం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లల ఫీజు కట్టారా, అత్తగారికి జబ్బు చేస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు అని మన ఇంటి స్త్రీలు వెళ్ళి అడిగి తెలుసుకోవాలి. భర్త ఊళ్ళో లేని స్త్రీ ఇంట్లోకి పరాయి పురుషులు ఒంటరిగా వెళ్ళరాదని హదీసు నిషేధించింది. కనుక సహాయం కూడా మర్యాదగా, పెద్దల ద్వారా, స్త్రీల ద్వారా చేరాలి. ఆమె గురించి చెడు మాటలు పుట్టించేవారి నోరు మూయించటం కూడా ఆ సహాయంలో భాగమే. ఇక దూరాన ఉన్న భర్త డబ్బు పంపడంతో తన బాధ్యత తీరిందనుకోరాదు. భార్యాబిడ్డలతో మాట్లాడాలి, వారి నమాజు గురించి, చదువు గురించి కనుక్కోవాలి, వీలైనంత త్వరగా ఇంటికి రావాలి.

హజ్రత్ జాఫర్ (రజి) పతాకాన్ని చివరి శ్వాస వరకు పట్టుకోగలిగారు. తన వెనుక తన ఇంటిని పట్టుకునే చేతులు ఉన్నాయని ఆయనకు తెలుసు. మన మధ్య నుంచి దూరంగా వెళ్ళిన ప్రతి సోదరునికి అంతటి నమ్మకం మనం ఇవ్వగలమా? ఎవరికి వారు తమ వీధిలోని అలాంటి ఒక్క ఇంటిని గుర్తు తెచ్చుకుని సమాధానం చెప్పుకోవాలి.

అల్లాహ్ హజ్రత్ జాఫర్ (రజి), హజ్రత్ అస్మా (రజి)ల స్థానాలను ఉన్నతం చేయుగాక! దూరాన ఉన్నవారిని క్షేమంగా తమ ఇళ్ళకు చేర్చుగాక! అనాథలకు, విధవరాళ్ళకు మన చేతుల ద్వారా మేలు చేకూర్చుగాక! ఆమీన్.